అర సెకను ఆలస్యం

వడపళనిలో సైకిల్ ట్యూబుల కొట్టు మీద, రెండో అంతస్తు.
ఏడుగురం, ఒక ఏసీ, దాని కింద ఒక బకెట్టు.
ఇక్కడ నా ఉద్యోగం
ఇంకా పుట్టని ఆటలో పడిపోవడం.
ఎక్కడెక్కడ పడొచ్చో అక్కడల్లా పడి
లేచి, రాసిపెట్టడం.

ఆటలో ఒక పిల్ల. బొటనవేలంత.
ముఖం గీయలేదు, గీయరట కూడా.
దానికో నీడ.
ఇద్దరికీ మీట ఒకటే. కుడి నొక్కితే
పిల్ల కుడికి, నీడ ఎడమకి.
దూకితే మాత్రం రెండూ ఒక్కసారే దూకాలి.
చెరో రాతిపలక మీదా నిలబడితేనే
తలుపు కదులుతుంది.

ఏడో లెవెల్లో తేడా కొట్టింది.
పిల్ల దూకుతోంది,
నీడ ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఆగి
అప్పుడు దూకుతోంది.
పదహారుసార్లు చూశాను.
రాశాను:
తప్పు నంబరు 212. నీడ అర సెకను ఆలస్యం. తీవ్రత ఎక్కువ.

పంపబోతూ ఆగాను.
ఆ అర సెకను నాకు తెలిసిందే.

బెజవాడ పెళ్ళిలో పళ్ళెం పట్టుకుని
"లడ్డు ఎత్తుకోండి" అన్నాను.
"చంటిపిల్లా అమ్మాయ్, ఎత్తుకోడానికి?"
పెద్దాయన ఎవరో అన్నాడు. పందిరి పందిరంతా నవ్వింది.
ఆనాటి నుంచీ నా ప్రతి మాటా
నాలుక చివర నిలబడి
వాళ్ళ అద్దంలో తల దువ్వుకుని
వీధిలోకి వచ్చేసరికి
కబుర్లు ఇంకో మలుపు తిరిగిపోయి ఉండేవి.
ఇంటిపేరు అడిగారు.
నాకున్నది ఒక ఇంగ్లీషు అక్షరం,
పక్కన చుక్క.

వణ్ణారపేట బడిలో గుల్టీనే.
తెలుగుని వెనకనుంచి చదివితే వచ్చే పేరని
చివరి బెంచీ కలైసెల్వి విడమరిచి చెప్పింది.
ఇంటికెళ్ళి పలక మీద రాసి చూసుకున్నాను:
గు, లు, తె.
దగ్గరదగ్గర నిజమే.
కుడి నొక్కితే ఎడమకి పోయే పిల్లని.

మెట్రో బోర్డు ఏమన్నా
ఆ పేట నాయనమ్మకి ఇప్పటికీ చాకలిపేటే.
"నీ మాట అటూ కాదు, ఇటూ కాదు" అని అమ్మ విసుక్కుంటే
వక్క కొరుకుతూ అంటుంది:
"ఎటు పోవాల? నేనీడనే కదా ఉండేది."

నేనీడనే.
ఇన్నేళ్ళూ ఒక్కచోటే విరిచి విన్నాను దాన్ని.
ఇవాళ తెర ముందు ఇంకోచోట విరిగింది:
నే, నీడనే.

ఎళిలన్ కుర్చీ ఇటు తిప్పాడు.
"ఒక్క వరస మార్చితే చాలు, టీ తాగొచ్చి సరిచేస్తా."
ఆగమన్నాను.
ఏ భాషలో అన్నానో గుర్తులేదు, ఆగాడు.

ఇద్దరినీ గోడ మొదట్లోకి తెచ్చాను,
ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా.
పిల్ల దూకింది. అందలేదు, ఎప్పటిలాగే.
జారి కిందికొస్తోంది,
అప్పుడు లేచింది నీడ, తీరిగ్గా, తన వేళకి.
పాదం కింద తల.
గాలిలో ఒక మెట్టు.
దాని మీంచి పిల్ల మళ్ళీ దూకి
గోడ ఎక్కేసింది.

వెంటవెంటనే దూకే నీడ మీద
ఎవరు మాత్రం కాలు మోపగలరు?

గోడ అవతల ఏమీ లేదు.
ఇంకా గీయలేదు. బూడిదరంగు గళ్ళు, అంతే.
పిల్ల అక్కడ నిలబడి ఉంది.
నీడ కిందే ఉండిపోయింది.
దాన్ని పైకెలా తేవాలో
నాకూ తెలీదు, ఎళిలన్‌కీ తెలీదు.
టీ చల్లారిపోయాక కూడా తెలీలేదు.

212 తెరిచి
'తీవ్రత' దగ్గర ఉన్నది చెరిపేశాను.
తప్పు కాదు. దీన్ని ఇలాగే ఉండనివ్వండి.

ఫోను మోగింది. నాయనమ్మ.
"ఇంటికి వచ్చుండావా?"
"లేదవ్వా, ఈడనే ఉండా" అన్నాను.
అనేశాక చూసుకున్నాను,
మధ్యలో ఎక్కడా ఆగలేదు.